అనేక్ తెలుగు, అనేక్ ఒడియా: మూడేళ్లు వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను చేసే బోర్డుల్లో చాలావాటి మీద ఒకే పేరు ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఉండాలి. ఇదివరకు మూడింటికీ మూడు ఫాంట్లు వెతికేవాణ్ణి. ఎంత సర్దినా ఒకటి లావుగా, ఒకటి బక్కగా వచ్చేది. "ఏం బాబూ, తెలుగులో మా పేరు ఇంత సన్నగా ఉందేంటి?" అని ఒక కిరాణా కొట్టు పెద్దాయన అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

ఫాంట్లు తయారుచేసే ఎక్ టైప్ వాళ్ల 'అనేక్' ఫాంట్ల కుటుంబం 2022లో వచ్చింది. ఇంగ్లీషుతో కలిపి పది లిపులు, అన్నిటికీ ఒకే లెక్కలో లావు, వెడల్పు. ఉచితం. తెలుగు సెమీబోల్డ్ (ఓ మోస్తరు లావు) పక్కన ఒడియా సెమీబోల్డ్ పెడితే రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి.

నాకు బాగా నచ్చింది వెడల్పు. పొడుగు పేరు బోర్డులో పట్టకపోతే పక్కనుంచి నొక్కేసే అలవాటు మా పనిలో అందరికీ ఉంది. అలా నొక్కితే నిలువు గీతలు చిక్కిపోతాయి, అడ్డగీతలు మాత్రం లావుగానే ఉంటాయి. అక్షరానికి జబ్బు చేసినట్టుంటుంది. ఇందులో కండెన్స్‌డ్‌ని, అంటే ఇరుకు అక్షరాల రకాన్ని, విడిగా గీశారు కాబట్టి ఆ బాధ లేదు.

కొత్త ఫాంటు ఏది దొరికినా ముందు 'శ్రీలక్ష్మి' కొట్టి చూస్తాను. మవత్తు ఎక్కడా ఇరుక్కోలేదు. కానీ తెలుగు కింద ఒడియా వరస పెట్టినప్పుడు జాగ్రత్త: మన వత్తులు కిందికి దిగుతాయి, ఒడియా అక్షరాల గొడుగులు పైకి లేస్తాయి, రెండూ తగులుకుంటాయి. వరసల మధ్య ఖాళీ నేనే పెంచుకుంటాను.

ఎక్స్‌ట్రాబోల్డ్ (బాగా లావు) కండెన్స్‌డ్‌ని చిన్న సైజులో వాడొద్దు. ఫ్లెక్స్ మీద ఘ, ఝ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అడ్రసుకు మీడియం చాలు.

పెళ్లికార్డుకు అనేక్ నప్పదు, మరీ బోర్డు రాతలా ఉంటుంది. శీర్షికకు సిలికానాంధ్ర వాళ్ల 'గిడుగు' పెడతాను. రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆయన పేరున్న ఫాంటుతో శుభలేఖ చేయడం నాకు ఎప్పటికీ సంతోషమే. అంచుకు బరంపురం పట్టుచీర కుంభాల వరస ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పెన్ టూల్‌తో గీస్తాను. ఫోటోను ట్రేస్ చేస్తే వందల నోడ్‌లు (గీతను పట్టి ఉంచే చుక్కలు) పడి గీత గరుకుగా వస్తుంది. చేత్తో అయితే ఒక్కో కుంభానికి ఎనిమిది నోడ్‌లు చాలు.

చివరగా ఒక్క మాట. ప్రెస్‌కు పంపేముందు అక్షరాలన్నీ పాత్‌లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చండి. ఒకసారి నేను మార్చలేదు, అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు, వాళ్లూ చూసుకోకుండా కొట్టేశారు. నాలుగు వందల కార్డుల్లో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. పెళ్లికి ఆరు రోజులే ఉంది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. పాత్‌గా మార్చాక స్పెల్లింగ్ దిద్దలేం, అందుకే అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోండి.