ఏడేళ్లుగా మా పెరట్లో పనిచేస్తున్న సికేచర్

ఈ సికేచర్, అంటే కొమ్మలు కోసే చేతి కత్తెర, 2018 అక్టోబరులో కొన్నాను. ఎర్ర పిడి, ఎనిమిది అంగుళాల పొడవు, సన్నటి బ్లేడు కింది వంపు పక్కనుంచి జారుతూ కోసే బైపాస్ రకం. పదకొండు వందలయింది. కత్తెరకి అంత డబ్బా అన్నారు ఇంట్లో. రాజమహేంద్రవరంలో మాది రెండు వందల గజాల్లో ఇల్లు, వెనక మామిడి, జామ, నిమ్మ, ప్రహరీ పొడుగునా పూలమొక్కలు. వారానికి రెండు మూడుసార్లయినా దీన్ని చేతిలోకి తీసుకోని వారం లేదు.

అంతకుముందు నూటయాభై రూపాయల సికేచర్ ఉండేది. దాని బ్లేడు చదునైన పలక మీద దిగి ఆగుతుంది. ఎండుపుల్లలకి ఫరవాలేదు గానీ, పచ్చి కొమ్మని కోసేది కాదు, నలిపేది. గులాబీ కొమ్మ కోసిన చోట తొక్క చిట్లి పీచు లేచేది. వారం పది రోజులకి అక్కడ నలుపు మొదలై ఒక్కో కణుపూ కిందికి దిగేది. తెగులనుకుని మందులు కొట్టాను. చివరికి ఆ కొమ్మ పట్టుకుని కడియం వెళ్తే, నర్సరీలో అంట్లు కట్టే పెద్దాయన కోత చూసి, "మందులు తర్వాత కొట్టొచ్చమ్మా, ముందు కత్తెర మార్చండి" అన్నారు.

కొత్తదానితో కోసిన మొదటి గులాబీ కొమ్మ నాకింకా గుర్తే. కోత నున్నగా ఉంది, మధ్యలో తెల్లటి బెండు, చుట్టూ పచ్చటి వలయం. బయటి వైపు చూస్తున్న చిగురు మొగ్గకి పావు అంగుళం పైన, నీరు మొగ్గ మీదికి జారకుండా కొద్దిగా ఏటవాలుగా కోశాను. పన్నెండో రోజుకి ఆ మొగ్గ ఎర్రగా ఉబ్బింది. మా వైపు వానలు తగ్గుముఖం పట్టే అక్టోబరులో గులాబీని కోస్తే నలభై అయిదు, యాభై రోజుల్లో పూలు చూస్తాం.

పట్టుకునే తీరు కూడా ఆ పెద్దాయనే చూపించారు. సన్న బ్లేడు మొక్కకి మిగిలే భాగం వైపు, లావు వంపు తీసేసే కొమ్మ వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే చిన్న మోడు మిగిలి, అదే ఎండి కుళ్లుతుంది. ఎడమచేతి వాటం వాళ్లయితే వాళ్ల కోసం చేసిన రకమే కొనుక్కోండి. మా తమ్ముడు నాది వాడలేక చాలా అవస్థ పడ్డాడు.

దీని శక్తి బొటనవేలి లావు కొమ్మ వరకే. 2020లో అంతకన్నా లావు జామ కొమ్మని రెండు చేతులతో నొక్కితే మధ్య బోల్టు వదులైంది, ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి బిగించాల్సి వస్తోంది. అదే కొమ్మని రంపంతో పైనుంచి కోస్తే, బరువుకి కాండం తొక్క జానెడు పొడవున చీరుకుపోయింది. ఇప్పుడు ముందు కింది నుంచి కొంత కోసి, కాస్త అవతలగా పైనుంచి కోసి బరువు దించేస్తాను. మిగిలిన ముక్కని, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడత తెగకుండా, దాని బయట కోస్తాను. ఆ మడత పోతే గాయం మూసుకోవడం కష్టం. పెద్ద గాయాలకి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు రాస్తాను.

నందివర్ధనం, గన్నేరు కోస్తే పాలు కారి బ్లేడు జిగురెక్కుతుంది. గన్నేరు పాలు విషం, చేతులకి తొడుగులు వేసుకోండి. పని అయ్యాక స్పిరిట్‌తో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తాను. గోదావరి గాలికి అది వేయకపోతే తుప్పు రెండు రోజుల్లో పడుతుంది. సాన ఏటవాలు వైపే పట్టాలి, చదును వైపు ముట్టుకోకూడదు. 2022లో బ్లేడు మార్చాను. మొదట ఆన్‌లైన్‌లో వచ్చింది కొలత సరిపోలేదు, వెనక్కి పంపి సరైనది తెప్పించుకునేసరికి మూడు వారాలు పట్టింది. కొనేముందు విడి బ్లేడు, స్ప్రింగు దొరుకుతాయో లేదో అడగండి.

పదునెంత ఉన్నా కోయాల్సిన నెలలో కోయకపోతే నష్టమే. 2019 నవంబరులో మా కొత్తపల్లి కొబ్బరి మామిడి కొమ్మల కొసలన్నీ సమంగా కత్తిరించాను. చెట్టు గొడుగులా ముచ్చటగా కనిపించింది. సంక్రాంతి దాటినా పూత లేదు, పక్కింటి చెట్టేమో విరగపూసింది. మామిడి పూత ముదిరిన కొమ్మల కొసల్లోంచి వస్తుంది, నేను తీసేసింది సరిగ్గా వాటినే. ఆ ఏడు ఆవకాయకి బజారులో కాయలు కొంటుంటే నిజంగా ఏడుపొచ్చింది. ఇప్పుడు కాపు అయిపోగానే జూన్‌లో, ఎండిన కొమ్మలూ లోపల ఒకదానికొకటి రాసుకునేవీ మాత్రమే తీస్తాను. ఆ తర్వాత వచ్చే చిగుళ్లకి చలికాలం లోపు ముదరడానికి టైమ్ ఉంటుంది.

మందారం, కాగితం పూలు కొత్త చిగుళ్ల మీద పూస్తాయి కాబట్టి అంత టెన్షన్ లేదు. పూత విడత అయ్యాక కోస్తే చాలు. మే ఎండల్లో మాత్రం దేన్నీ గట్టిగా కోయను, నీడ పోయిన కాండం మాడుతుంది. నిమ్మకి అంటు కింద నుంచి లేచే చిగుళ్లని ఏ నెలలో కనిపించినా తీసేస్తాను.

ఈ సికేచర్ ఖరీదు పూర్తిగా రాబట్టింది మల్లె. నవంబరు చివర నీళ్లు ఆపేస్తాను. రెండు మూడు వారాల తర్వాత మోకాలెత్తుకి కోసి, ఆకంతా దూసేస్తాను. అప్పుడు పొదని చూసి మా అమ్మ ప్రతిసారీ "చచ్చిపోతుందేమోనే" అంటుంది. జనవరిలో పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే కణుపు కణుపునా చిగురు. ఫిబ్రవరి చివర మొగ్గ మొదలై, ఏప్రిల్‌లో రోజూ సాయంత్రం అమ్మ ఒళ్లో గిన్నెడు మొగ్గలు. కత్తిరించని ఏడు అవే పొదలు ఆకు ఆకుగా పెరిగి, పూలు గుప్పెడే ఇచ్చాయి.

ఈ ఏడూ నవంబరు 25న నీళ్లు ఆపాను. బ్లేడుకి నిన్ననే సాన పట్టాను.