మల్లె కత్తిరింపు నుంచి చామంతి పిలకల దాకా: ఈ చలికాలం నేను వాడిన కొమ్మల కత్తెర

హనుమకొండలో మా ఇంటి ముందు మల్లె పొదలు, ప్రహరీ వెంట గులాబీలు, పెరట్లో కరివేపాకు, నిమ్మ, మందారం, ఒక కుర్ర మామిడి, మేడ మీద కుండీల్లో చామంతి, బంతి, ఒక చిక్కుడు పందిరి ఉన్నాయి. ఈ మాత్రం తోటకు చలికాలంలో అన్నిటికంటే ఎక్కువసేపు చేతిలో ఉండేది కొమ్మల కత్తెరే. వానలకు ఇష్టం వచ్చినట్లు సాగిన కొమ్మలను అదుపు చేయాలన్నా, వేసవి పూలకు మొక్కను సిద్ధం చేయాలన్నా ఇదే అదను. దసరాకు ముందు కొన్న కత్తెరను గులాబీలతో మొదలుపెట్టి, మాఘమాసంలో చామంతి మోళ్ల వరకు వాడాను. కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు: తప్పకుండా కొనండి. అయితే రకం చూసి కొనండి.

దుకాణంలో పక్కపక్కనే వేలాడే రెండు రకాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒక రకంలో పదునైన రెక్క కిందనున్న చదునైన లోహపు దిమ్మ మీద దిగుతుంది, కూరగాయలు తరిగే పీట మీద కత్తి దించినట్లు. ఎండిన పుల్లలకు అది చాలు. పచ్చి కొమ్మను మాత్రం తెంచేముందు నలుపుతుంది. నలిగిన చోట బెరడు చిట్లి, తెగులు అక్కడినుంచే లోపలికి పోతుంది. రెండో రకంలో పదును ఉన్న పలుచని రెక్క, కొక్కెంలా వంగిన మందపాటి రెక్కను రాసుకుంటూ పక్కనుంచి జారిపోతుంది. పచ్చి కొమ్మ మీద కోత నున్నగా వస్తుంది. నేను తీసుకున్నది ఈ రెండో రకం. ఎనిమిది అంగుళాల పొడవు, కార్బన్ ఉక్కు రెక్క, ఎర్రటి ప్లాస్టిక్ తొడుగున్న పిడులు. హనుమకొండ చౌరస్తా దగ్గర విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణంలో రూ.450 పెట్టి కొన్నాను. సికేచర్ అని అడిగితే తీసిస్తారు. "చిటికెన వేలి లావు వరకే అమ్మా, అది దాటితే రంపం పట్టుకోండి" అని ఆ దుకాణదారు చెప్పిన మాట డబ్బా మీద రాసిన వివరాలన్నిటికంటే పనికొచ్చింది. డబ్బా మీద ఇరవై మిల్లీమీటర్ల మందం కోస్తుందని ఉంది. లేత కొమ్మ అయితే కోస్తుంది, ఒప్పుకుంటాను. ముదిరిన నిమ్మ కొమ్మ దగ్గర అంత లావుకు పోతే రెక్కలు పక్కకు విచ్చుకుంటాయి, మణికట్టు నొప్పి పెడుతుంది.

ముందు గులాబీల సంగతి. మా వైపు వానలు వెనకపట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో గులాబీ కత్తిరిస్తే సుమారు నెలన్నరకు పూలు విరగబూస్తాయి. ఎండినవి, ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, పొద లోపలికి తిరిగినవి తీసేసి, మిగిలిన కొమ్మలను బయటివైపు చూసే కన్నుకు, అంటే చిగురు మొలిచే చోటుకు, కాస్త పైన ఏటవాలుగా కోయాలి. కత్తెరను ఎటు తిప్పి పట్టుకున్నామన్నది ఇక్కడ ముఖ్యం. పలుచని రెక్క మొక్కవైపు, కొక్కెం పారేసే ముక్కవైపు ఉండాలి. కొక్కెం నొక్కిన భాగం ఎలాగూ కింద పడేదే కాబట్టి మొక్క మీద నొక్కుడు పడదు. ఈ కత్తెరతో కన్నుకు దగ్గరగా, పీచు లేకుండా కోయగలిగాను. కొన నుంచి నల్లబడుతూ కిందికి దిగే కొమ్మలను లోపల తెల్లటి కర్ర కనిపించేదాకా కోసి, కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూశాను. అలాంటి కొమ్మ కోసిన ప్రతిసారీ మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో రెక్కలు తుడవాలి. తుడవకుండా పక్క మొక్క మీద పెడితే ఆ తెగులును మన చేత్తోనే దానికి అంటించినట్లవుతుంది. అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చే పిలకలకు మాత్రం కత్తెర కొన లోపలికి దూరలేదు. వాటిని మట్టి తవ్వి, పుట్టిన చోటే చేత్తో చీల్చి తీయడం మేలు. పైపైన కోస్తే మళ్లీ గుంపుగా మొలుస్తాయి.

నా దృష్టిలో ఈ కత్తెరకు అసలైన పరీక్ష మల్లె. డిసెంబరు ఆఖరు నుంచి జనవరి లోపల ఆ పని అయిపోవాలి. దానికి ఒక రెండు వారాల ముందే నీళ్లు ఆపేస్తాం. ఆకు పండి రాలడం మొదలవుతుంది. మిగిలిన ఆకును చేత్తో దూసేసి, పొద చుట్టూ తాడు బిగించి కట్టి, నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో కోసేస్తాం. పూలతోటల రైతులు చేసేదీ ఇదే, ఇంటి ముందున్న ఒక్క పొదకు చేయాల్సిందీ ఇదే. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు మీద. పాత కొమ్మలను జాలిపడి ఉంచితే ఆకు నిండుగా ఉంటుంది, పూలు మాత్రం పలచబడతాయి.

మా పక్కింటి కోడలు గేటు దగ్గర నిలబడి చూసి, "పెద్దమ్మా, ఇంత కోసేస్తే ఇది బతుకుతుందా?" అంది. "ఇప్పుడు కోస్తేనే ఉగాదికి నీ జడలోకి పూలొస్తాయమ్మా" అన్నాను. ఆ అమ్మాయికి కత్తెర ఇచ్చి ఒక పొద కోయించాను కూడా. అలవాటు లేని చేతికి కూడా కోత శుభ్రంగా వచ్చింది. ఒక పనిముట్టుకు ఇంతకంటే మంచి గుణం ఏముంటుంది?

మల్లెలో కొమ్మలు సన్నంగానే ఉంటాయి, కానీ లెక్కకు మించి ఉంటాయి. పొద మధ్యలో ఏళ్లనాటి కర్ర గట్టిగా బిగుసుకుని ఉంటుంది. పదే పదే నొక్కి వదిలే ఈ పనిలో రెక్క పదునెంత అవసరమో, పిడులను వెనక్కి తెరిచే స్ప్రింగు కూడా అంతే అవసరం. నొక్కడం మన వంతు, తెరవడం దాని వంతు. ఇందులో స్ప్రింగు మరీ బిరుసుగా లేదు. అందువల్ల బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి ఉన్న నాలాంటి వారికి కూడా ఒక పొద పూర్తయ్యేదాకా చేయి పట్టేయలేదు. అయితే పిడులు పూర్తిగా విచ్చుకున్నప్పుడు చిన్న అరచేతికి అందడం కష్టం. మా అబ్బాయి చేతికి సరిగ్గా సరిపోయింది. నేను రెక్కలను సగమే తెరిచి కోయడానికి అలవాటుపడ్డాను. చిన్న చేతులున్నవారు ఏడంగుళాల సైజు అడిగి చూడండి. దుకాణంలోనే పట్టుకుని, తెరిచి, మూసి చూసి మరీ కొనండి.

కోశాక పొద చుట్టూ మట్టి గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు పెట్టాను. కోసిన కణుపుల దగ్గర కొత్త చిగురు వచ్చిన తీరు చూస్తే కోత ఎలా పడిందో తెలుస్తుంది. ఈసారి చిగురు కోత చివరి వరకు వచ్చింది, మధ్యలో ఎండిన మోడు మిగల్లేదు. వెనకటి ఏళ్లలో ఇంట్లో ఉన్న పాత కత్తెరతో కోసినప్పుడు ప్రతి పొదలోనూ అంగుళం, రెండంగుళాల ఎండు పుల్లలు కనిపించేవి.

చేతిలో కత్తెర ఉంది కదా అని దూరంగా ఉండాల్సిన మొక్కలూ ఉన్నాయి, వాటి గురించి గట్టిగానే చెప్తాను. చలికాలంలో మామిడి కొమ్మల చివర్లు ముట్టుకోకండి. పూత వచ్చేది ముదిరిన ఆ కొనల్లోంచే. పూతకు ముందు నీళ్లు కూడా పెట్టకుండా ఉంటే మంచిది. మామిడి కత్తిరింపు కాయ దిగిపోయాక, వానలు పడే రోజుల్లో. కరివేపాకు కూడా చలికి దాదాపు నిద్రలో ఉంటుంది. వంటకు రెబ్బలు తెంపుకోవడం సరే, తల నరకడం మాత్రం ఫిబ్రవరి ఆఖరున ఎండ ముదిరాకే. అప్పుడు కోస్తే పక్క కొమ్మలు జోరుగా వస్తాయి. మందారానికి పిండినల్లి బాగా పట్టిన కొనలను మాత్రం కాలం చూడకుండా తీసేయాలి. ఆ ముక్కలను మొక్క కింద వదలకుండా సబ్బునీళ్ల బకెట్లో ముంచాను.

చిక్కుడు పందిరి దగ్గర ఈ కత్తెరకు పని తక్కువే. పేనుబంక గుంపుగా పట్టిన లేత కొనలను గోటితో గిల్లేసి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టాను. కానీ కాయల గుత్తిని లాగితే తీగంతా ఊగి పూత రాలుతుంది. కత్తెరతో గుత్తి తొడిమ కోస్తే తీగ కదలదు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టడానికి, పరమాన్నం పెట్టడానికి ఆకులకు మేడ మీదికే వెళ్లాం. కాయలు, ఆకులు రెండూ తాజాగా ఉన్నాయి.

చామంతి దగ్గర మాత్రం ఈ కత్తెర నచ్చలేదు. పగటి పొద్దు తగ్గినప్పుడు మొగ్గ తొడిగే మొక్క ఇది. సంక్రాంతికి గొబ్బెమ్మల మీదికి పూలిచ్చి, ఆ తర్వాత వాడిపోవడం మొదలుపెడుతుంది. ఒత్తుగా ఉన్న గుత్తిలోంచి ఒక్క వాడిన పువ్వును తీయడానికి దీని ముక్కు మరీ మొద్దు, పక్క మొగ్గ కూడా తెగిపోతుంది. దానికి దర్జీలు దారం తెంపుకునే చిన్న కత్తెర హాయి. పూత పూర్తయ్యాక కాడలన్నీ బెత్తెడు ఎత్తుకు కోసేసే పనికి మళ్లీ ఇదే బాగుంది. కుదుట్లోంచి వచ్చే పిలకలే వచ్చే ఏడాది నారు. కాబట్టి కోసేటప్పుడు వాటి తలలు తెగకుండా చూసుకోవాలి.

ఇక సంరక్షణ. కార్బన్ ఉక్కు పదును బాగా నిలుపుకుంటుంది, కానీ తుప్పు దానికి బద్ధశత్రువు. ఆకుల మీద మంచు ఆరాకే పనిలోకి దిగడం మొక్కకూ మంచిదే, రెక్కకూ మంచిదే. తడి కోతల మీద బూజు తెగుళ్లు తేలిగ్గా పడతాయి. గన్నేరు లాంటి పాలుకారే మొక్కలు కోసిన వెంటనే తుడవకపోతే జిగురు గట్టిపడి రెక్కలు అతుక్కుంటాయి. గన్నేరు పాలు విషం కూడా, చేతులు కడుక్కోవడం మరవకండి. తుడిచాక నూనె చుక్క వేయాలి. ఇంట్లో అందుబాటులో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి, చలికి అది గడ్డకట్టి మడత దగ్గర బిగుస్తుంది. కుట్టుమిషను నూనె సరిగ్గా సరిపోతుంది. పదును తగ్గితే ఏటవాలుగా ఉన్న వైపు మాత్రమే సానరాయి మీద రుద్దాలి. చదునైన వైపు రుద్దితే రెండు రెక్కల మధ్య సందు పడి, కొమ్మ తెగకుండా మడతపడుతుంది. నేను గులాబీలయ్యాక ఒకసారి, మల్లెకు ముందు ఒకసారి సానపట్టాను. కాగితాన్ని కూడా తేలిగ్గా కోసింది.

లోపాలు చెప్పాలి. పిడి మీది ప్లాస్టిక్ తొడుగు సంక్రాంతి నాటికే వదులై చేతిలో తిరగడం మొదలుపెట్టింది. తీసేసి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను, ఇప్పుడు పట్టు ఇంకా బాగుంది. మూసి ఉంచే గొళ్లెం కూడా వదులే. జేబులో పెట్టుకుంటే తెరుచుకుంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో అందని ఎత్తులో మేకుకు తగిలించండి. అన్నిటికంటే విసిగించింది స్ప్రింగు. బాగా తెరిచినప్పుడు ఎగిరి మల్లె పొదలో పడింది, వెతికి పట్టుకునేసరికి పొద్దు వాలింది. దానికి విడి స్ప్రింగు ఇరవై రూపాయలకు అదే దుకాణంలో దొరుకుతుంది. కత్తెర కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకోండి.