పాత అప్‌రైట్ పియానోకు సెంటర్ పిన్నుల సెట్: ఏళ్ల వాడకం తర్వాత

మహబూబ్‌నగర్‌లోని మా ఇంట్లో ఉన్న 85 మెట్ల పాత ఇంగ్లీషు అప్‌రైట్ (నిలువు) పియానో యాక్షన్‌ను, అంటే మెట్టు నొక్కితే తీగను మోగించే యంత్రాంగాన్ని, బాగుచేసుకోవడానికి తెప్పించుకున్న సెంటర్ పిన్నుల (దాని కీళ్లలో ఇరుసుగా ఉండే సన్నని లోహపు పుల్లల) సెట్‌ను ఎండలూ వానలూ మళ్లీ మళ్లీ చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. అందులో అర సైజు తేడాతో వరుసగా పిన్నులు, పిన్ను దూరే రంధ్రాన్ని సరిచేసే సన్నని బ్రోచులు, ఒక కట్టర్, ఆ రంధ్రం లోపల అతికించే ఎర్రటి ఉన్ని బుషింగ్ గుడ్డ ఉన్నాయి.

తీగను కొట్టే హ్యామర్ (సుత్తి) కదలిక అంతా ఈ పిన్ను మీదే ఆధారపడుతుంది. 20వ సైజు పిన్ను మందం 1.27 మిల్లీమీటర్లు, తర్వాతి అర సైజుకు పెరిగేది మిల్లీమీటరులో సుమారు 40వ వంతు. మన ప్రాంతంలో ఆ కాస్త తేడాయే కీలకం, ఎందుకంటే వానాకాలంలో ఉన్ని గుడ్డ తేమ పీల్చి ఉబ్బడంతో హ్యామర్ వెనక్కి రావడానికి మొరాయిస్తుంది, అదే గుడ్డ ఏప్రిల్, మే ఎండలకు ఎండిపోయి పిన్ను దగ్గరి కీలు వదులై టకటకమంటుంది. నడి వేసవిలో బిగుతుగా అమర్చిన పిన్ను వానలకు పట్టేస్తుంది కాబట్టి, వానలు వెనకబట్టాక కార్తీకంలో ఈ పని పెట్టుకోవడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. బట్‌ను (హ్యామర్ అడుగు దిమ్మెను) చేత్తో పట్టుకున్నప్పుడు, దానికి పిన్నుతో తగిలించిన ఫ్లాంజ్ (యాక్షన్‌కు బిగించే చిన్న ముక్క) తన బరువుతోనే నెమ్మదిగా వాలితే పిన్ను సరిగ్గా కుదిరినట్టు.

స్పిరిట్, నీళ్లు కలిపి చుక్క వేస్తే బిగుసుకున్న కీళ్లు కొన్ని తేరుకున్న మాట నిజమే. ఇత్తడి పిన్నుకు పచ్చటి చిలుము పట్టిన చోట మాత్రం పిన్నూ గుడ్డా రెండూ మార్చక తప్పలేదు. కుట్టుమిషన్ నూనె ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు, అది ఉన్నిలో ఇంకి, దుమ్ము పట్టి జిడ్డుగా గడ్డకడుతుంది.

కట్టర్ నాకు నచ్చలేదు. కోసిన కొస గరుకుగా మిగలడం వల్ల ప్రతిసారీ ఆకురాయితో నున్నగా చేయవలసి వస్తోంది. బ్రోచులు మాత్రం నేటికీ పదును తగ్గలేదు, గుడ్డ నాణ్యత కూడా చాలా బాగుంది.

ఇలాంటి ఇంగ్లీషు పియానోల్లో డ్యాంపర్లు (తీగ మోతను ఆపే మెత్తలు) హ్యామర్లకు పైన ఉండి, ఆ డ్యాంపర్లను కదిలించే తీగలు ముందు వైపున దిగుతాయి కనుక, ముందుగా ఆ వరుసను విప్పితే తప్ప బట్ చేతికి అందదు. అంత విప్పినప్పుడు హ్యామర్ బట్‌ను యాక్షన్ కింది భాగాలకు కలిపే బ్రైడిల్ పట్టీల్లో చివికినవాటిని కూడా మార్చేయడం మంచిది. అవి తెగి ఉంటే యాక్షన్‌ను బయటికి తీసేటప్పుడు కింది భాగాలు వేలాడి దేనికో ఒకదానికి తగులుకుంటాయి. పట్టీలు ఈ సెట్‌లో రావు, విడిగా కొనాలి. 20½, 21 సైజు పిన్నులు అన్నిటికంటే ముందు అయిపోతాయి కనుక వాటిని అదనంగా తెప్పించుకోవడం అవసరం.