మా చెల్లి పెళ్ళికి పాడిన అమలాపురం బ్యాండ్ ఎలా ఉందంటే

మొన్న మా చెల్లి పెళ్ళికి ముందురోజు రాత్రి పాలకొల్లులో మా ఇంటి ముందే షామియానా వేసి పాటలు పెట్టించాం. అందరూ డీజే అన్నారు కానీ నాన్నకి బీపీ, పైగా పక్కింట్లో బాలింత ఉంది, అందుకని అమలాపురం నుంచి నలుగురు పిల్లల బ్యాండ్‌ని పిలిచాం, వీళ్ళ గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటున్నా. పేరు ఎందుకు రాయట్లేదంటే వాళ్ళే మార్చేసుకుంటున్నారు, ఆ పేరు కొట్టి వెతికితే ముందు ఇంకెవరెవరివో పాటలు వచ్చేస్తున్నాయంట, చుట్టాలకి కూడా దొరకట్లేదంట.

సాయంత్రం ఐదింటికల్లా రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి వ్యాన్‌లో దిగిపోయారు, చెప్పిన టైమ్‌కే. ఒక గిటారు, ఒక కీబోర్డు, కహోన్ అని మీద కూర్చుని చేతుల్తో వాయించే చెక్క పెట్టె, పాడే అమ్మాయి, అంతే. సౌండ్ సిస్టమ్ మేమే వేరేగా మాట్లాడాం, ఆయన అలవాటుకొద్దీ మైక్‌కి ఎకో దండిగా పెట్టేశాడు, మాట మీద మాట పడి ఏమీ అర్థం కావట్లేదు. తీసెయ్యండి అన్నా అంటే ఎకో లేకపోతే పాటలా ఉండదమ్మా అన్నాడు. ఆ అమ్మాయి వాదించలేదు, ఒకే లైను ఎకోతో ఒకసారి, లేకుండా ఒకసారి పాడి వినిపించింది, రెండోసారి ఆయనే ఏం మాట్లాడకుండా నాబ్ తిప్పేశాడు.

మొదటి గంట సినిమా పాటలు, అడిగినవన్నీ పాడారు, బావున్నాయి. నాకు చెప్పాల్సింది ఆ తర్వాత పాడిన వాళ్ళ సొంత పాటల గురించి. నాలుగు పాడారు. అందులో ఒకటి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించి నరసాపురం తీసుకెళ్ళే పెద్ద పడవ, అదే ఆఖరి పంటు, దాటిపోయాక ఒడ్డున నిలబడిపోయిన కుర్రాడి పాట, 'పంటు వెళ్ళిపోయింది, నీ మాట ఇంకా ఒడ్డునే ఉంది' అని పల్లవి, ఆ 'ఒడ్డునే' దగ్గర కహోన్ ఆపేసి ఒక్క గిటారు తీగ మాత్రం మోగిస్తారు చూడండీ, కుర్చీల్లో కబుర్లు చెప్పుకునే వాళ్ళు కూడా అటు తిరిగిపోయారు. మా పెద్దమ్మ వీణ నేర్చుకుంది, పాట అవ్వగానే లేచెళ్ళి ఇది మోహన రాగం కదమ్మా అని అడిగింది, అవునండి చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నాను, ట్యూన్ కట్టేటప్పుడు అదే వచ్చేసింది అని ఆ అమ్మాయి ఎంత సంబరపడిందో. పెద్దమ్మది శంకరగుప్తం దగ్గరే, 1930లో బాలమురళీకృష్ణ గారు పుట్టిన ఊరు, మా వైపు గాలిలోనే పాట ఉంటుందని మురిసిపోయి ఇంకోసారి పాడించుకుంది. ఏ సినిమాలోదండి అని ముగ్గురు నలుగురు అడిగారు, మేమే కట్టుకున్నామండి అంటే నమ్మలేదు.

బాగోలేనివి కూడా చెప్తాను. మూడో పాటలో మధ్యలో కీబోర్డు మరీ సాగదీశారు, గొంతు కూడా దాని కింద పడిపోయింది, అప్పటికే వంకాయ కూర వాసన వస్తోంది కదా జనం లేచిపోయారు. ఇంకోటి, పాటకి ముందు ఇది మా సొంత పాట, పేరు ఇది, ఫలానా చోట దొరుకుతుంది అని చెప్పరు, సిగ్గు. అది చెప్పకపోతే ఇంటికెళ్ళి ఎవరు వెతుకుతారు, ఈ ఒక్కటీ మార్చుకోమని వాళ్ళకి గట్టిగానే చెప్పాను.

భోజనాల దగ్గర మాట్లాడితే నాకే బాధేసింది. సినిమా పాటలు పాడి యూట్యూబ్‌లో పెడితే జనం చూస్తారు కానీ హక్కులున్న కంపెనీ క్లెయిమ్ వేస్తే యాడ్ డబ్బులు అటే పోతాయి. సొంత పాటలు పెడితే చూసేవాళ్ళు తక్కువ, యాడ్ డబ్బులు రావాలంటే మామూలు వీడియోలకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. స్పాటిఫైలో అయితే 2024 నుంచి ఒక పాటని ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ పాటకి పైసా రాదు. మన జిల్లాల్లో ఒక్క ముహూర్తం రోజు ఎన్ని పందిళ్ళు పడతాయో తెలుసు కదా, ఒక్కో పందిట్లో పదిమంది ఆ పాట ఇంటికెళ్ళి రెండుసార్లు విన్నా వీళ్ళ లెక్క మారిపోద్ది.

మా దగ్గర సౌండ్ కాకుండా 20,000 తీసుకున్నారు, వ్యాన్ ఖర్చు అందులోనే, రెండున్నర గంటలు పాడారు, నా మటుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ అనిపించలేదు. ఊగిపోయే పాటలు, డాన్సులు కావాలంటే వీళ్ళని పిలవొద్దు, వాళ్ళ పని అది కాదు. కూర్చుని వినే చుట్టాలుంటే తప్పకుండా పిలవండి. పిలిస్తే సొంత పాటలకి కనీసం అరగంట ఇస్తామని ముందే చెప్పండి, అది కూడా భోజనాలు వడ్డించకముందే పెట్టించండి, మేం చేసిన పొరపాటు అదే.