గుడ్‌వుడ్‌లో నాన్నతో రెండు రోజులు

ఏప్రిల్ చివర్లో నాన్నను దక్షిణ ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ ఊరికి తీసుకెళ్లాను. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర పైనే పడుతుంది. అక్కడికి దగ్గర్లోనే గుడ్‌వుడ్ హౌస్ ఉంది. రిచ్‌మండ్ డ్యూక్‌లు (డ్యూక్ అంటే రాజు ఇచ్చే పెద్ద బిరుదు, తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది) మూడు వందల ఏళ్లకు పైగా ఉంటున్న ఇల్లు అది. నాన్న కొత్తగూడెంలో సింగరేణి గనిలో ముప్పై ఏళ్లు చేశారు. రాజుల ఇళ్లంటే ఆయనకి పెద్ద ఆసక్తి లేదు, నా కోసం వచ్చారు.

బస చిచెస్టర్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. గది శుభ్రంగా ఉంది, ముందే చెప్పడంతో శాకాహారం టిఫిన్ కూడా చక్కగా పెట్టారు. కానీ రాత్రి పదింటికి హీటర్ ఆపేశారు. డెబ్బై దాటిన మనిషి ఉన్నారని చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చారు గానీ హీటర్ మాత్రం వేయలేదు. పెద్దవాళ్లతో వెళ్తే ఈ సంగతి బుకింగ్‌కి ముందే అడగండి.

మొదటి రోజు ఊళ్లోని కెథడ్రల్, అంటే పెద్ద చర్చి, చూశాం. లోపలికి టికెట్ లేదు. చిత్రకారుడు షగాల్ గీసిన ఎర్రటి అద్దాల కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. డ్యూక్‌ల సమాధి గది కూడా ఇక్కడే. దాని మీద లాటిన్‌లో 'చివరి ఇల్లు' అని రాసి ఉంది.

గుడ్‌వుడ్ హౌస్ ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు, తేదీలు చూసుకునే వెళ్లాలి. ఇల్లు చూపించిన ఆవిడ బాగా చెప్పింది, నేను నాన్నకు తెలుగులో చెప్తుంటే ఓపిగ్గా ఆగింది. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కూ ఫ్రాన్స్ నుంచి వచ్చిన లూయీజ్ ద కెరువాల్‌కూ 1672లో పుట్టిన కొడుకు చార్లెస్ లెనాక్స్. తల్లి రాణి కాదు కాబట్టి అతనికి సింహాసనం లేదు. అయినా మూడేళ్ల వయసులోనే, 1675లో, తండ్రి రిచ్‌మండ్ డ్యూక్ బిరుదు ఇచ్చాడు. ఈ వంశంలో మొదటి డ్యూక్ అతనే. ఆ తర్వాత ఆదాయం కూడా చూపించాడు: న్యూకాజిల్ నుంచి ఓడల్లో వెళ్లే బొగ్గు మీద చాల్డ్రన్‌కు ఒక షిల్లింగు పన్ను.

నాన్న అక్కడ ఆగిపోయారు. "చాల్డ్రన్ అంటే ఎంత బిడ్డా?" అన్నారు. న్యూకాజిల్ లెక్కలో రెండున్నర టన్నుల పైనే అని చెప్పాను. ఆ హక్కును ప్రభుత్వం తిరిగి తీసుకున్నప్పుడు బదులుగా ఏడాదికి 19 వేల పౌండ్లు ఇచ్చిందని చెప్తే, ఇంకేమీ మాట్లాడకుండా గోడల వైపు చూస్తూ నడిచారు.

నాకు బాగా నచ్చింది చార్లెస్ లెనాక్స్ కొడుకు, రెండో డ్యూక్ కథ. ఇద్దరి తండ్రుల మధ్య ఉన్న జూదం బాకీ తీర్చడానికి 1719లో హేగ్‌లో ఇంకా చిన్నపిల్లైన సారాతో అతనికి పెళ్లి చేశారు. వెంటనే విదేశాలకు వెళ్లిపోయాడు. మూడేళ్లకు తిరిగొచ్చాక నాటకశాలలో ఒక అందమైన అమ్మాయిని చూసి ఎవరని అడిగితే, ఆమె తన భార్యేనని తెలిసిందట. ఆ తర్వాత ఇద్దరూ చివరిదాకా ఎంతో ప్రేమగా బతికారు. ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో గీసిన లండన్ చిత్రాలు అతని కాలానివే, వాటి కోసమైనా టికెట్ డబ్బు దండగ కాదు. మూడో డ్యూక్ కొన్న ఫ్రాన్స్‌లోని సెవ్ర్ పింగాణీ ఎంత పేరున్నదైనా నాకు అంత పట్టలేదు.

నిజంగా చూడాల్సింది బయట ఉంది. వేటకుక్కల కోసం మూడో డ్యూక్ 1787లో వాస్తుశిల్పి జేమ్స్ వయట్‌తో కట్టించిన కెనెల్స్. పెద్ద ఇంటికి వేడి ఏర్పాటు రావడానికి వందేళ్ల ముందే కుక్కల గదులకు అది చేశారు. ఇప్పుడది సభ్యుల క్లబ్, మేము బయటి నుంచే చూశాం. తిరుగు టాక్సీ నలభై నిమిషాలు ఆలస్యం చేసింది. చలిగాలి, కూర్చోవడానికి చోటు లేదు. టాక్సీ వాళ్లకి ముందు రోజే చెప్పి పెట్టినా ఫలితం లేకపోయింది, సొంత కారు ఉంటేనే మేలు.

ఆ నలభై నిమిషాలూ నాన్న కెనెల్స్ వైపే చూస్తున్నారు. పెద్ద ఇంటి ముందు వద్దన్న ఫోటో ఇక్కడ తీయమన్నారు. రైలెక్కగానే ఆ ఫోటో తన గని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద బొగ్గు పన్ను సంగతంతా తెలుగులో టైప్ చేయమని ఫోన్ నా చేతికిచ్చారు.