సౌండ్ బాక్సా, ఫోన్ మెసేజా: కౌంటర్ దగ్గర దేన్ని నమ్మాలి?

2016లో యూపీఐ వచ్చాక చిల్లర గొడవ తీరింది గానీ, దుకాణదారుకి కొత్త దొంగలు తయారయ్యారు. నకిలీ యాప్‌లో పచ్చ టిక్కు, కొట్టు పేరు, మొత్తం అన్నీ చూపించి సరుకు పట్టుకుపోతారు. కస్టమర్ ఫోన్ తెర చూసి తలూపే వాళ్లే వీళ్లకి దొరికేది.

సౌండ్ బాక్స్ ఇక్కడ గట్టిగా పనికొస్తుంది. డబ్బు మన ఖాతాలో పడితేనే అది నోరు విప్పుతుంది. ఓనర్ ఇంటి దగ్గరున్నా కౌంటర్లో కుర్రాడికి వినపడుతుంది. నెలకు వంద రూపాయల చుట్టుపక్కల అద్దె, అంతే. కాకపోతే సిగ్నల్ లేకపోతే ఆలస్యం. ఒకేసారి ఇద్దరు నలభై కడితే ఎవరిది పడిందో తేల్చుకోవడం కష్టం.

ఫోన్ మెసేజ్‌కి ఖర్చు లేదు. కానీ పది అంకెల మామూలు నంబర్ నుంచి బ్యాంకు మెసేజ్‌లా పంపి, "అన్నా, సున్నా ఎక్కువ పడింది, తిరిగి పంపు" అనే బాపతు ఉంది. మెసేజ్ కాదు, యాప్ తెరిచి ఖాతా చూడాలి. సాయంత్రం రద్దీలో అది అయ్యే పనేనా?

2025 జనవరిలో ఖజురాహోలో డబ్బు తమ ఖాతాకి పోయేలా దొంగలు రాత్రికి రాత్రే కొన్ని దుకాణాల క్యూఆర్ స్టిక్కర్లు మార్చేశారు. అలాంటప్పుడు బాక్స్ మూగబోవడమే హెచ్చరిక.

నా ఓటు బాక్స్‌కే. పెద్ద బిల్లయితే మాత్రం యాప్ కూడా చూడండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.