ఒట్టి నెయ్యి తాగడమా, అన్నంతో కలిపి తినడమా: స్నేహపానపు ఇబ్బందులకు ఏది మేలు?

ఆయుర్వేద శుద్ధి చికిత్స అయిన పంచకర్మలో వమన (వాంతి చేయించడం), విరేచనాలకు ముందు ఔషధ ఘృతంతో, అంటే మూలికలతో కాచిన నెయ్యితో, చేయించే స్నేహపానం ప్రధానంగా రెండు తీరుల్లో సాగుతుంది. అచ్ఛపానంలో ఉదయం పరగడుపున ఒట్టి నెయ్యిని, తరచుగా 30 మి.లీ.తో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుతూ, 3 నుంచి 7 రోజుల వరకు తాగిస్తారు. విచారణ పద్ధతిలో నెయ్యిని అన్నంలోనో జావలోనో కలిపి ఇస్తారు; చరక సంహిత ఇటువంటి విచారణలను 24గా లెక్కించింది.

వికారం, తలనొప్పి, ఒళ్లు బరువు, నేతి త్రేన్పులు అచ్ఛపానంలోనే ఎక్కువ. మోతాదు 100 మి.లీ.కి చేరిన రోజున సుమారు 800 కేలరీల కొవ్వు ఒక్కసారిగా ఖాళీ కడుపులో పడుతుంది. కొవ్వు జీర్ణాశయాన్ని నెమ్మదిగా ఖాళీ కానిస్తుంది కనుక ఆ బరువు సాయంత్రం దాకా వదలకపోవచ్చు. దీనికి తొలి ఉపాయం గుక్కగుక్కగా వేడినీళ్లు తాగడమే. చన్నీళ్లు, పగటినిద్ర మానుకొని, త్రేన్పులో నేతి వాసన పోయి నిజమైన ఆకలి వేసేదాకా ఏమీ తినకుండా ఉండి, ఆ తరువాతే పలుచని గంజి తీసుకోవాలి. గడియారం చూసి భోజనానికి కూర్చోవడం ఇక్కడ పనికిరాదు. ముందురోజు నెయ్యి అరగలేదనిపిస్తే మర్నాటి మోతాదు పెంచకముందే వైద్యుడికి చెప్పాలి. మొహమాటపడి దాచేవారే ఎక్కువ అవస్థ పడతారు.

విచారణలో ఈ బాధలు తక్కువ, కానీ శోధనకు (వమన, విరేచనాలతో చేసే శుద్ధికి) కావలసిన స్నిగ్ధత, అంటే ఒంటికి జిడ్డుదనం, రావడానికి సమయం పట్టవచ్చు. నెయ్యి అంటేనే గిట్టనివారికి, రోజూ నెయ్యి తినేవారికి, మృదుకోష్ఠులకు (తేలిగ్గా విరేచనమయ్యేవారికి), కష్టం ఓర్చుకోలేనివారికి, మద్యం అలవాటున్నవారికి చరకుడు దీనినే సూచించాడు. మొదటిసారి చేయించుకుంటూ, ఉద్యోగానికి సెలవు దొరకక ఇంటి నుంచే వెళ్లివచ్చేవారికి కూడా నా ఉద్దేశంలో ఇదే మేలు. వైద్యుడి కళ్లెదుట ఉండి విశ్రాంతి తీసుకోగలిగినవారికైతే అచ్ఛపానమే సరైనది.

నెయ్యి అతియై జీర్ణశక్తి మందగిస్తే తక్రారిష్టం (మజ్జిగను పులియబెట్టి చేసే మందు), త్రిఫల, రూక్షాహారం (జిడ్డులేని పొడి ఆహారం) శాస్త్రం చెప్పిన మందులు. వీటిని సొంతంగా మొదలుపెట్టకూడదు.

పిత్తాశయంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు, అధిక ట్రైగ్లిజరైడ్లు, కాలేయ వ్యాధి ఉన్నవారి విషయంలో ఈ పోలికకే తావులేదు. అల్లోపతి వైద్యుడిని కూడా సంప్రదించనిదే ఏ పద్ధతికీ ఒప్పుకోరాదు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు మధ్యాహ్నం దాకా ఆహారం లేకుండా ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక మందుల మోతాదును ముందే సరిచేయించుకోవాలి. కుడి డొక్కలో గానీ పైకడుపులో గానీ తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం కనిపిస్తే వేడినీళ్లతో కాలయాపన చేయక నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.